రంగుల పనికి ఎస్టిమేట్: ఎవరితో వేయించాలి, అందులో ఏం రాయించుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇల్లంతా లోపలా బయటా రంగులు వేయించాలి. ముగ్గురు పెయింటర్లు వచ్చి చూసి మూడు మొత్తాలు చెప్పారు. వాటిలో పెద్దది చిన్నదానికి దాదాపు రెట్టింపు. ఇలాంటప్పుడు ఫీజు ఇచ్చి ఒక నిపుణుడితో ఖర్చు లెక్క వేయించుకోవడం అవసరమా, దండగా? వేయిస్తే ఎవరిని పిలవాలి? చాలాకాలంగా ఈ లెక్కలు వేసే పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ ఇంటికి అవసరమే. ఒకటి రెండు గదులు, గోడలు గట్టిగా ఉండి, పాత రంగు మీద కొత్త రంగు వేస్తే సరిపోయే పనైతే నేనే వద్దనేవాణ్ణి. టేపు పట్టుకుని మీరే కొలుచుకోవచ్చు. కానీ మీ బయటి గోడలు రెండంతస్తుల ఎత్తున్నాయి, ఒక పడకగది గోడ మీద రంగు ఎన్నిసార్లు వేయించినా పెచ్చులుగా లేస్తోందని రాశారు. ఈ రెండూ ఉన్నచోట అంచనా ఎటైనా తప్పిపోవచ్చు. అయితే ఒక్క మాట ముందే గట్టిగా చెప్పాలి. నిపుణుడి దగ్గర మీరు తీసుకోవాల్సింది ఇంకో మొత్తం కాదు. గదివారీ కొలతలు, ఏ గోడకి ఏ పని చేయాలో రాసిన పట్టీ. అది లేనంతవరకూ ఆ ముగ్గురూ చెప్పినవి మూడు వేర్వేరు పనుల ధరలు. వాటిని పక్కపక్కన పెట్టి చూసినా ఏమీ తేలదు.

ఎలాగో ఒక గదితో చూపిస్తాను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. నేల 120 చదరపు అడుగులు. ఒక మేస్త్రీ నేల వైశాల్యాన్ని మూడున్నరతో హెచ్చవేసి 420 అంటాడు. ఇంకొకాయన నాలుగు గోడలూ కొలిచి 440 అంటాడు, సీలింగ్ ఊసే ఎత్తడు. మూడో ఆయన గోడలూ సీలింగూ కలిపి 560 వేస్తాడు, తలుపులూ కిటికీలూ తీసేయడు. 7 అడుగులకి 3 అడుగుల తలుపు ఒకటి, 4 అడుగులకి 4 అడుగుల కిటికీలు రెండు ఉంటే తీసేయాల్సింది 53, నికరంగా 507. డబ్బా మూత తీయకముందే 420కీ 560కీ మధ్య తేడా వచ్చేసింది, చిన్న అంకెలో మూడో వంతు. చదరపు అడుగుకి ముగ్గురూ ఒకే రేటు చెప్పినా మొత్తాలు కలవవు. ఇదే గది ఎత్తు 9 అడుగులైతే గోడల్లో 44 చదరపు అడుగులు తగ్గిపోతాయి, నేల మాత్రం మారదు. అందుకే నేల వైశాల్యంతో హెచ్చవేసే లెక్క ఫోన్లో ఉజ్జాయింపుగా చెప్పడానికే పనికొస్తుంది. దాని మీద ఒప్పందం రాసుకోవద్దు.

తలుపుల లెక్క ఇంకో చిక్కు. కొలతల ప్రమాణ పుస్తకాల్లో తలుపు ఎలాంటిదో చూసి గుణకం వేసే పద్ధతి ఉంది. నున్నటి ఫ్లష్ తలుపుకి ఒక్కోవైపు 1.2, దిమ్మెలు చెక్కిన ప్యానెల్ తలుపుకి 1.3, అడ్డ పలకలున్న లూవర్ తలుపుకి 1.8, పూర్తిగా అద్దమున్నదానికి 0.8. ఆ ప్రకారం 21 చదరపు అడుగుల ప్యానెల్ తలుపు రెండు వైపులా కలిపి సుమారు 55 చదరపు అడుగుల పని అవుతుంది. ఇది మోసం కాదు, అంచుల్లోనూ మూలల్లోనూ బ్రష్ తిప్పే శ్రమకి కట్టిన విలువ. మీ పట్టీలో ఏ పద్ధతి వాడారో రాసి ఉంటే చాలు. గోడలో తలుపు చోటు తీసేశారా లేదా, చిన్న కిటికీలు తీసేయకుండా వదిలేశారా అన్నది కూడా ఒక్క వాక్యంలో ఉండాలి. పద్ధతి ఏదైనా ఫరవాలేదు, అందరికీ ఒకటే అయితే.

కొలతల తర్వాత నేను చూసేది లీటర్లు. మంచి లప్పం (పుట్టీ) పట్టిన నున్నటి గోడ మీద ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే రంగు, ఒక కోటుకి లీటరుకి సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది, అంటే 107 చదరపు అడుగులకి అటూ ఇటూ. పైన చెప్పిన 507 చదరపు అడుగులు 47 చదరపు మీటర్లు. రెండు కోట్లకి 9.4 లీటర్లు, రోలర్‌కీ ట్రేకీ అంటుకుని పోయేది కలిపితే 10 లీటర్లు. గరుకు గోడైతే లీటరుకి 7 చదరపు మీటర్లే రావచ్చు, అప్పుడు అదే గదికి 13 లీటర్లు దాటుతుంది. ఇప్పుడు ఒక పెయింటరు ఈ గదికి 6 లీటర్లు చాలన్నాడనుకోండి. అతను రెండో కోటు వేయడు, లేదా రంగుని బాగా లాగి పలచగా రాస్తాడు. లీటరు రంగుని 10 చదరపు మీటర్ల మీద పరిస్తే తడి పొర మందం 100 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ రంగులో ఘనపదార్థం ఘనపరిమాణంలో 40 శాతం ఉంటే ఆరాక మిగిలేది 40 మైక్రాన్లు. అదే లీటరుని 15 చదరపు మీటర్లకి లాగితే మిగిలేది 27 మైక్రాన్లే. వేసిన రోజు రెండూ ఒకేలా కనిపిస్తాయి. పలచటి పొర తడిగుడ్డతో తుడిచినప్పుడు ముందు లొంగిపోతుంది. నీళ్లు ఎంత కలిపారని పెయింటరుతో గొడవపడే బదులు, అసలు రంగు ఎన్ని లీటర్లు ఆ గోడకెక్కిందో చూడండి. కొటేషన్‌లో రూపాయల పక్కనే లీటర్లు కూడా రాయించమని నేను అందుకే పట్టుబడతాను.

ఇక నిపుణుడు ఇంటికొచ్చాక ఏం చేస్తాడో చూస్తే అతను పనిమంతుడో కాదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. గది మధ్యలో నిలబడి చుట్టూ తల తిప్పి చూసి పుస్తకంలో రాసుకుంటే అతన్ని నమ్మొద్దు. గోడ దగ్గరికి వెళ్లాలి. టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వెలుగు పడేస్తే ఎత్తుపల్లాలు, పాత అతుకులు, రోలర్ గీతలు నీడలతో సహా బయటపడతాయి. ఎంత లప్పం పడుతుందో తేలేది అక్కడే. వేలి కణుపులతో కొట్టుకుంటూ వెళ్తే ప్లాస్టరు గోడని వదిలేసిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. ఆ భాగం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి కొలుచుకోవాలి, ఎందుకంటే అక్కడ చేయాల్సింది రంగు పని కాదు, ప్లాస్టరు పని. నల్లగుడ్డతో గోడని రుద్దితే తెల్లగా పొడి అంటుకుంటే పాత పొర సుద్దలా మారిందని అర్థం. దాన్ని కడిగి, పట్టునిచ్చే ప్రైమరు వేయకపోతే కొత్త రంగు ఆ పొడిని పట్టుకుని వేలాడుతుంది. బ్లేడుతో అడ్డంగా నిలువుగా సన్నటి గాట్లు పెట్టి, టేపు అంటించి చటుక్కున లాగి చూడటం ఇంకో పరీక్ష. టేపుతో పాటు పాత రంగు గడులు గడులుగా వచ్చేస్తే, ఆ గోడని గోకాలి. గోకుడు ఎంత విస్తీర్ణమో అంచనాలో లేకపోతే పని మధ్యలో మీకు అదనపు బిల్లు ఖాయం.

పాత రంగు ఏ రకమో కూడా అతను కనిపెట్టాలి. తడి వేలితో రుద్దితే కరిగి అంటుకునేది సున్నమో డిస్టెంపరో. దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దితే ఎమల్షన్ మెత్తబడి దూదికి రంగు అంటుతుంది, నూనె రంగు అలా లొంగదు. ఈ తేడా ఎందుకంటే, మెరిసే ఎనామెల్ (నూనె రంగు) మీద ఎమెరీ కాగితంతో గరుకు చేయకుండా నేరుగా ఎమల్షన్ వేస్తే అది పట్టుకోదు, గోరుతో గీకితే పొరలా వచ్చేస్తుంది. ఇల్లు బాగా పాతదై, గోడలు సున్నంతో కట్టినవైతే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. అలాంటి గోడలు తేమని పీల్చి వదులుతుంటాయి. వాటి మీద ఊపిరాడని గట్టి పూతలు వేస్తే తేమ లోపలే నిలిచిపోయి ప్లాస్టరునే దెబ్బతీస్తుంది.

పాత ఇళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను. పాత రంగుల్లో, ముఖ్యంగా తలుపులకీ గ్రిల్స్‌కీ వేసిన నూనె రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. సీసానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకీ గర్భిణులకీ అది మరీ ప్రమాదం. పొడిగా ఎమెరీ కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. అనుమానం ఉంటే చిన్న పెచ్చు ల్యాబ్‌కి పంపించి పరీక్ష చేయించే ఖర్చు, సీసం తేలితే తడిపి రుద్దే పద్ధతికీ, గదిని ప్లాస్టిక్‌తో మూసేయడానికీ, దుమ్ము జాగ్రత్తగా ఎత్తేయడానికీ అయ్యే ఖర్చు అంచనాలో వేరే పద్దుగా ఉండాలి.

ఇప్పుడు మీ పెచ్చులూడే గోడ. మీకొచ్చిన ముగ్గురిలో ఒకరు దానికి వాటర్‌ప్రూఫ్ ప్రైమరు వేస్తే సరిపోతుందన్నారని రాశారు. గోడలోకి నీరు ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోకుండా ఎవరు ఏం వేసినా ఆ డబ్బు గోడకి పోసినట్టే. బాత్‌రూము పైపు కారుతోందా, పైకప్పు పిట్టగోడ దగ్గర పగులుందా, కిటికీ సన్‌షేడ్ మీద నీరు నిలుస్తోందా, పునాది నుంచి చెమ్మ పైకెక్కుతోందా అని చూడాలి. కింద నుంచి సమానంగా ఎక్కిన మరకకీ, పైనుంచి చారలుగా దిగిన మరకకీ కారణాలు వేరు. తెల్లటి ఉప్పు పొంగి ఉంటే పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పే కరిగి మళ్లీ లోపలికి పోతుంది. చాలామంది నిపుణులు తేమ మీటరు వాడతారు, మంచిదే. అది లేకపోయినా చేయగల పరీక్ష ఒకటి ఉంది: ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ షీటుని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి కనీసం 16 గంటలు వదిలేయడం. కాంక్రీటులో తేమ చూడటానికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ డీ4263 ప్రమాణంలో ఉన్న పద్ధతి ఇదే. షీటు తీసినప్పుడు గోడ వైపు నీటి బిందువులున్నా, గోడ రంగు ముదిరినా రంగు పని అప్పుడే మొదలుపెట్టకూడదు. ఆ గోడకి అంచనా రెండు భాగాలుగా వేయించుకోండి: లీకేజీ బాగుచేసే పని ఒకటి, ఆరిన తర్వాత రంగు ఇంకొకటి. రెండో భాగం తేదీ ఇప్పుడే రాయొద్దు, గోడ ఆరినప్పుడే.

ఎవరిని పిలవాలన్నదానికి వస్తాను. పెయింటింగ్ కాంట్రాక్టరు ఉచితంగా వేసిచ్చే ఎస్టిమేట్‌లో తప్పేమీ లేదు, కానీ ఆయన తన పనికి వేసుకున్న లెక్క అది. రంగుల కంపెనీ తరఫున వచ్చే మనిషి తేమా పగుళ్లూ శ్రద్ధగానే చూస్తాడు, చివరికి సిఫారసు చేసేవి మాత్రం తన కంపెనీ డబ్బాలే. మీలాంటి పనికి నేను చెప్పేది క్వాంటిటీ సర్వేయరు (కట్టడం పనుల పరిమాణాలూ ఖర్చులూ లెక్కగట్టే నిపుణుడు), లేదా ఎస్టిమేషన్ పనిలో అనుభవమున్న సివిల్ ఇంజినీరు, లేదా ఇప్పుడు కాంట్రాక్టులు చేయని పాత పెయింటింగ్ కాంట్రాక్టరు. ఈ మూడో రకం దొరికితే అదృష్టమే. గోడ మీద చెయ్యి పెట్టగానే వాళ్లకి చాలా తెలుస్తుంది. పిలిచే ముందు ఫోన్లో సూటిగా అడగండి: ఈ పని మీరు గానీ మీ వాళ్లు గానీ చేస్తారా, ఏ షాపు నుంచైనా పెయింటరు నుంచైనా మీకు కమీషన్ వస్తుందా, ఇంతకుముందు వేసిన ఎస్టిమేట్ ఒకటి యజమాని వివరాలు తీసేసి చూపిస్తారా. మూడో ప్రశ్నకి వచ్చిన కాగితం చూస్తే మిగతా రెండిటికన్నా ఎక్కువ తెలుస్తుంది. అందులో గదుల పేర్లూ ఎత్తులూ లేకుండా ఒకే మొత్తం ఉంటే వేరేవాళ్లని చూసుకోండి.

ఫీజు ముందే ఖాయం చేసుకోండి, ఒకే మొత్తంగానో, రోజుకింత అనో. పని విలువలో ఇంత శాతం అని మాత్రం ఒప్పుకోవద్దు. అంచనా పెరిగేకొద్దీ అతని ఫీజు పెరిగే ఏర్పాటు మీకు మంచిది కాదు. పని మాకే ఇస్తే ఫీజు బిల్లులో తగ్గిస్తాం అనే కాంట్రాక్టర్లూ ఉంటారు. అది వాళ్ల వ్యాపార పద్ధతి, తప్పు పట్టను, కానీ మీరు కోరుకున్న మధ్యస్థుడి లెక్క అది కాదు. ఇల్లు చూడకుండా ఫోటోలతో లెక్క కట్టే సేవలు కొత్త ఇంటికి ప్లాను ఉంటే కొంతవరకు పనికొస్తాయి. పాత గోడ డొల్లతనం ఫోటోలో కనిపించదు.

బయటి గోడల్లో అసలు ఖర్చు చాలాసార్లు రంగులో ఉండదు, పైకెక్కడంలో ఉంటుంది. పరంజా కడతారా, తాళ్ల ఊయల వాడతారా, పరంజా ఎన్ని రోజులు నిలబడాలి, పక్కింటి స్థలంలో కాలు పెట్టాల్సివస్తుందా అన్నవి రాసి ఉండాలి. పరంజా అద్దె రోజుల లెక్కన ఉంటే వాన పడి పని ఆగిన రోజుల అద్దె ఎవరిదో కూడా రాయించండి. పైకెక్కే మనిషికి భుజాలకీ తొడలకీ పట్టే పూర్తి హార్నెస్, తాడు, బీమా ఉండాలి. తక్కువ ధర చెప్పిన పెయింటరు వీటిని వదిలేసి ఆ ధర చెప్పాడేమో చూడండి. ఆ మిగులు ఒక మనిషి ప్రాణం మీద తీసుకున్నది. అలాంటి ధర మీద పని ఇవ్వకండి.

పట్టీలో ప్రతి ఉపరితలానికీ రంగుకి ముందు పని (గోకడం, కడగడం లాంటివి) ఏమిటి, ప్రైమరు ఏ రకం, లప్పం ఎన్ని కోట్లు, రంగు ఏ తరగతి, ఎన్ని కోట్లు, ఎన్ని లీటర్లు అన్నవి ఉండాలి. వైట్ సిమెంటు లప్పం రెండు కోట్లు కిలోకి 10 నుంచి 15 చదరపు అడుగులు వస్తుందనుకుని చూసుకోండి. గోడ మరీ వంకరగా ఉంటే అది లప్పంతో సరిచేయాల్సిన పని కాదు. లోపల పగలగొట్టి చూస్తే తప్ప తెలియని వాటికి, అంటే డొల్ల ప్లాస్టరు, తుప్పు పట్టిన గ్రిల్స్ లాంటివాటికి, ఉజ్జాయింపు పరిమాణం రాసి, యూనిట్ రేటు (చదరపు అడుగుకింత అన్నట్టు) ఖాయం చేసి, తేలినంతకే డబ్బు అని రాయాలి. సామాన్లు జరపడం, నేల కప్పడం, చెత్త ఎత్తడం, స్విచ్ బోర్డులు విప్పి బిగించడం ఎవరి పనో, పన్నులు కలిపారా లేదా, ఆ ధర ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా. ఏమేమి కలపలేదో రాసిన పేరాని నేను అన్నిటికంటే ముందు చదువుతాను. తర్వాత వచ్చే గొడవలన్నీ అందులోనే దాక్కుని ఉంటాయి.

రోజుల లెక్క కూడా ధర లాంటిదే. ఎమల్షన్ కోటుకీ కోటుకీ మధ్య సాధారణంగా కనీసం నాలుగైదు గంటలు, ఎనామెల్‌కి ఒక రాత్రి కావాలి, డబ్బా మీద రాసినదే ప్రమాణం. కొత్త ప్లాస్టరు 28 రోజులు ఆరనిస్తే మంచిది. గాలిలో తేమ 85 శాతం దాటినప్పుడు బయట రంగు వేయకూడదు. ఒక గదికి గోకుడు, ప్రైమరు, రెండు కోట్ల లప్పం, రెండు కోట్ల రంగు అన్నీ రెండు రోజుల్లో అయిపోతాయని ఎవరైనా రాస్తే, ఏ కోటు మానేస్తారో అడగండి.

పట్టీ చేతికొచ్చాక దాన్ని వాడే తీరు ముఖ్యం. నిపుణుడు వేసిన రేట్లున్న కాపీ మీ దగ్గరే పెట్టుకోండి. రేట్ల గడి ఖాళీగా ఉంచిన కాపీ ఆ ముగ్గురికీ ఇచ్చి నింపమనండి. అప్పుడు మొత్తాలు కాకుండా ఒక్కో వరుసా పోల్చవచ్చు. ఒకే వరుసలో ఒకరి ధర మిగతా ఇద్దరికంటే బాగా తక్కువగా ఉంటే, ఆ పని ఎలా చేస్తారో చెప్పమనండి. సాధారణంగా అది గోకుడో, లప్పమో అయి ఉంటుంది. ఎంచుకున్న పెయింటరుతో ఒక మూల ఒక చదరపు మీటరు మేర అన్ని కోట్లూ వేయించి చూడండి. ఆ ముక్క మీకు నచ్చితే దాన్నే నమూనాగా ఒప్పందంలో రాయండి. అడ్వాన్సు సామాను తెచ్చుకునేంతే ఇచ్చి, మిగతాది ముందు పని పూర్తయ్యాక కొంత, మొదటి కోటు తర్వాత కొంత, చివరి తనిఖీ తర్వాత కొంత ఇచ్చేలా పెట్టుకోండి. ముందు పని అయ్యాక ఇచ్చే వాయిదా దగ్గర ఒకసారి ఆ నిపుణుణ్ణే రప్పించగలిగితే రప్పించండి. రంగు పడ్డాక లోపలిది ఎవరికీ కనపడదు.

బిల్లు చివర్లో పెయింటరూ మీరూ కలిసి టేపుతో కొలిచిన కొలతల మీదే కట్టాలి. అదనపు పని ఏదైనా చేసే ముందే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. మూత తీయని డబ్బాలు షాపు వాపసు తీసుకుంటుందో లేదో కొనేటప్పుడే అడగండి. తీసిన డబ్బాల్లో మిగిలిన రంగుని గదికొక చిన్న డబ్బాలో పోసి, గది పేరు, షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు రాసి మీకు అప్పగించమనండి. మేకు తీసిన చోటు కప్పడానికో, పైపు మార్చిన చోటు టచప్ చేయడానికో అదే బ్యాచ్ రంగు చేతిలో ఉంటే గోడంతా మళ్లీ వేయించాల్సిన పని ఉండదు.